స్పీడ్ 400, 390 డ్యూక్: బోరూ స్ట్రోకూ ఒకటే, మరి లాగుడులో తేడా ఎందుకు తేలట్లేదు?

జయపురం_కుర్రోడు

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నాను, నాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం, ఒడియా మీడియంలో చదువుకున్నవాణ్ని. ఇంట్లో తెలుగు మాట్లాడటమే గానీ రాయడం ఫోన్లో నేర్చుకున్నదే, తప్పులుంటే నవ్వుకోండి, తిట్టకండి.

నా బైకు ట్రయంఫ్ స్పీడ్ 400. మా బావది (మేనత్త కొడుకు, ఊరు సాలూరు) కొత్త కేటీఎం 390 డ్యూక్. సంక్రాంతికి బావ ఘాట్ ఎక్కి జయపురం వచ్చాడు, వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పోరు, నీ బండి బుల్లెట్‌కి తమ్ముడు, నా బండి రాకెట్ అని. కనుమ నాడు కాకైనా కదలదురా అని నాన్నమ్మ మొత్తుకుంటున్నా వినకుండా పొద్దున్నే చలిలో బొరిగుమ్మ వైపు వెళ్లాం. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది, ఆ టైముకి ఒక పాల బండి తప్ప ఏమీ కనిపించలేదు. పక్కపక్కనే 40లో వెళ్తూ, బావ హారన్ కొట్టగానే ఇద్దరం మూడో గేరులో ఫుల్ రేజ్ ఇచ్చాం.

బావ రాకెట్‌లా పోతాడనుకున్నాను, పోలేదు. 80 దాకా ఇద్దరి హ్యాండిళ్లూ ఒకే వరసలో ఉన్నాయి. ఆ తర్వాత కొంచెం కొంచెంగా జరిగి ఒక బండి పొడుగు ముందుకెళ్లాడు, అంతే. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. మూడోసారి చెయ్యబోతే ఎదురుగా సగం రోడ్డు మీద చోళ్లు (రాగులు) ఆరబోసి ఉన్నాయి, చుట్టూ రాళ్లు పేర్చి మరీ. బ్రేక్ నొక్కితే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసేది) టకటకమని కొట్టుకుంది, నా ముందు చక్రం ఆ రాళ్లకి రెండు జానల దూరంలో ఆగింది. పక్కన దుప్పటి కప్పుకుని కాపలా కాస్తున్న ముసలమ్మ దేశియా ఒడియాలో (మా వైపు యాస) ఏదో అంది. అర్థమైంది గానీ ఇక్కడ రాయలేను.

ఇంటికొచ్చి కాగితాలు చూశాను. డ్యూక్ పవర్ 46 పీఎస్, టార్క్ (తిప్పే బలం) 39 న్యూటన్ మీటర్లు, బరువు 168 కిలోలు. నాది 40 పీఎస్, 37.5 న్యూటన్ మీటర్లు, 176 కిలోలు. రెండింటికీ బోరు (సిలిండర్ వెడల్పు) 89, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 64 మిల్లీమీటర్లు. ఇంత తేడా కాగితం మీద ఉంటే రోడ్డు మీద ఎందుకు లేదు? బావ తన బండిలో ఏదో లోపం ఉందని తేల్చేసి సర్వీసుకి ఇచ్చేస్తానంటున్నాడు. నాకేమో నా బండి గొప్పదని చెప్పుకోవాలని ఉంది గానీ లోపల డౌట్‌గా ఉంది.

రాయగడ_రాజా

తమ్ముడూ, డౌట్ ఎందుకు, గెలిచినట్టే కదా, పార్టీ ఇచ్చెయ్. నా దగ్గర కూడా స్పీడే ఉంది. కింద ఆర్‌పీఎమ్‌లో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దీని లాగుడు వేరే లెవెల్. డ్యూక్ వాళ్లు అరుపు ఎక్కువ, పని తక్కువ.

బరంపురం_అమ్మాయి

పైన అరుపు గురించి రాసినవారికి: నాది డ్యూక్, రెండేళ్ల నుంచి నడుపుతున్నాను. మీరు దాన్ని 6,000 దాటనిస్తే కదా పని కనిపించేది. మూడో గేరులో 40 నుంచి 80 అంటే ఆ ఇంజిన్ ఇంకా ఒళ్లు విరుచుకునే దశలోనే ఉంటుంది. జయపురం తమ్ముడూ, మీ బావ గేరు మార్చకుండా అలాగే ఉన్నాడా? రెండులో పెట్టి మొదలుపెట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

ఇంకో మాట, ఇలాంటివి హైవే మీద చెయ్యకండి బాబూ. చోళ్ల బదులు ఆ ముసలమ్మే రోడ్డు మధ్యలో ఉంటే?

జయపురం_కుర్రోడు

మార్చలేదక్కా. ఇద్దరం మూడే అనుకున్నాం, సమానంగా ఉంటుందని. హైవే విషయం ఒప్పుకుంటున్నాను, తప్పే. నాన్నమ్మకి చోళ్ల సంగతి చెప్పలేదు ఇంకా.

సునాబెడ_ఫిట్టర్

ఈ ప్రశ్న నాకు నచ్చింది, కాస్త పొడుగ్గా రాస్తాను. సునాబెడలో విమానాల కంపెనీ హెచ్ఏఎల్ ఇంజిన్ల ఫ్యాక్టరీ సైరన్ వింటూ పెరిగినవాణ్ని, ఇంజిన్ మాట వస్తే నోరు ఆగదు.

ముందుగా, మూడో గేరు అంటే మూడో గేరు అనుకోవడమే మొదటి పొరపాటు. గేర్‌బాక్సులో పళ్ల లెక్క, ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), వెనక స్ప్రాకెట్, ఇవన్నీ కలిస్తేనే చక్రానికి ఎంత తోపు అందుతుందో తేలేది. ఒక బండి మూడో గేరు ఇంకో బండి మూడుంపావుతో సమానం కావచ్చు. గేరు నంబరు పెట్టి పోల్చడం అంటే నా చొక్కా సైజు 40, నీ చెప్పు సైజు 8, కాబట్టి నేను పెద్దవాణ్ని అన్నట్టు. ఇద్దరూ తమతమ బండికి అప్పుడు సరైన గేరు ఏదో అందులో ఉండాలి.

రెండోది, బోరూ స్ట్రోకూ ఒకటే అయినంత మాత్రాన ఇంజిన్లు ఒకటి కావు. ఒకే కొలత కుండల్లో ఇద్దరు వంట చేస్తే రుచి ఒకేలా ఉండదు కదా. వాల్వులు ఎంతసేపు తెరిచి ఉండాలి, గాలి లోపలికి ఎలా రావాలి, పొగ ఎలా పోవాలి, పెట్రోలు ఎప్పుడు మండాలి, ఇవన్నీ వేరు. దీన్ని నీకు కాగితం మీదే చూపిస్తాను. పవర్ అంటే టార్క్ ఇంటూ ఆర్‌పీఎమ్, యూనిట్లు సరిచేయడానికి 7,023తో భాగిస్తే పీఎస్ వస్తుంది. రెండు బళ్లకీ గరిష్ఠ టార్క్ వచ్చేది 6,500 దగ్గరే. అక్కడ డ్యూక్ 36 పీఎస్ ఇస్తుంది, స్పీడ్ 34.7 ఇస్తుంది. తేడా ఎంత? ఒకటిన్నర కూడా లేదు. ఇప్పుడు పైకి వెళ్దాం. డ్యూక్ 46 పీఎస్ ఇచ్చేది 8,500 దగ్గర, వెనక్కి లెక్కేస్తే అక్కడ కూడా టార్క్ 38 ఉంది. అంటే 39 నుంచి ఒక్కటే తగ్గింది. స్పీడ్ 40 పీఎస్ ఇచ్చేది 8,000 దగ్గర, అక్కడ టార్క్ 35కి పడిపోయింది. అంటే 6,500 దాకా ఇద్దరూ అన్నదమ్ములే, ఆ పైన స్పీడ్ ఊపిరి బిగపడుతుంది, డ్యూక్ అదే దమ్ముతో పరిగెడుతూనే ఉంటుంది. ఆ ఆరు పీఎస్ అంతా ఆ చివరి రెండు వేల ఆర్‌పీఎమ్‌లోనే దాక్కుని ఉంది.

80 దాకా మీరిద్దరూ ఆ చోటుకి వెళ్లనే లేదు. అక్క చెప్పింది సరిగ్గా అదే.

కానీ ఇంకో అనుమానం ఉంది. నువ్వెంత బరువు, మీ బావ ఎంత?

గుణుపురం_గుంటడు

మైలేజీ ఎంత ఇస్తాయి అన్నా రెండూ?

రాయగడ_రాజా

వచ్చాడ్రా బాబూ. ఏ చర్చ పెట్టినా మూడు గంటల్లోపు ఈ ప్రశ్న రాకపోతే నాకు నిద్ర పట్టదు. గుంటడా, రేజ్ ఎంత ఇస్తే మైలేజీ అంత తగ్గుతుంది, రెండింటికీ.

ఫిట్టర్ గారూ, లెక్క బాగుంది గానీ మన ఊళ్లలో 8,500 ఎక్కడ తిప్పుతామండీ? రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ రండి ఒకసారి. మలుపు, లారీ, మేక, మలుపు, లారీ. అందుకే అంటున్నాను, స్పీడ్ చాలు. పైగా 2023 జులైలో వచ్చినప్పుడు దాని రేటు 2.33 లక్షలు, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన కొత్త డ్యూక్ 3.10 లక్షలు. ఆ డెబ్బై ఏడు వేలకి ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రెండూ వచ్చేవి. ఇప్పుడు రేట్లు అటూ ఇటూ జరిగాయి, 350 సీసీ దాటిన బళ్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం కూడా అయింది, అది వేరే ఏడుపు.

బరంపురం_అమ్మాయి

డబ్బుల మాటకి నేను ఎదురు చెప్పను. కానీ ఆ తేడాకి ఏం వచ్చిందో కూడా చెప్పాలి కదా. గేరు పైకైనా కిందికైనా క్లచ్ పట్టకుండా మార్చే క్విక్‌షిఫ్టర్ ఉంది, వేగం అందుకునేటప్పుడు రేజ్ వదలకుండా గేరు పడుతుంది, ప్రతి గేరుకీ ఆ రెప్పపాటు కలిసొస్తుంది. ట్రాక్ మోడ్‌లో లాంచ్ కంట్రోల్ ఉంది, ఇంజిన్‌ని ఒక ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచుతుంది, మీరు క్లచ్ వదలడం ఒక్కటే చూసుకోవాలి. నేను ఒకే ఒక్కసారి వాడాను, కడుపులో పేగులు వెనక్కి వెళ్లినట్టయింది, మళ్లీ ముట్టుకోలేదు. ముందు బ్రేకు డిస్క్ 320 మిల్లీమీటర్లు, స్పీడ్‌కి 300. మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా చూసుకుని పనిచేసే ఏబీఎస్ ఉంది. ముందు సస్పెన్షన్‌ని స్క్రూ తిప్పి మనకి కావలసినట్టు పెట్టుకోవచ్చు.

సీటు ఎత్తులో మాత్రం స్పీడే నయం, 790 మిల్లీమీటర్లు మాత్రమే. డ్యూక్ మీద సిగ్నల్ దగ్గర నేను ముని వేళ్ల మీద నిలబడతాను. వెనక కూర్చునేవాళ్లకి కూడా స్పీడే మేలు. మా అమ్మ ఒక్కసారి డ్యూక్ వెనక కూర్చుని గోపాలపూర్ దాకా వచ్చింది, తిరుగు ప్రయాణం ఆటోలో వెళ్లింది.

పర్లాకిమిడి_పాతబండి

పిల్లలూ, మీ మాటలు చదువుతుంటే సరదాగా ఉంది. నా దగ్గర రాజ్‌దూత్ 350 ఉండేది, ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350ని ఇక్కడ తయారుచేసి అమ్మిన బండి. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ. ముందొచ్చిన హై టార్క్ 30.5 బీహెచ్‌పీ (ఇంచుమించు పీఎస్ లాంటిదే), తర్వాత మైలేజీ గోలకి తగ్గించిన లో టార్క్ 27. (చూశావా గుంటడా, నీ ప్రశ్న నలభై ఏళ్ల నాటిది, దాని దెబ్బకి ఇంజిన్లే మారాయి.) నాది హై టార్క్. మీ డ్యూక్ 6,500 తర్వాత చేసే పని అది అప్పుడే చేసేది, ఒక చోట దాకా నీరసంగా ఉండి, హఠాత్తుగా ఎవరో వెనక నుంచి తన్నినట్టు. దానికి ఉన్నవి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులు. బండి పరుగు అందుకోవడంలో పులి, ఆగడంలో ఎడ్లబండి.

మీరంతా ముందుకెళ్లడం గురించే మాట్లాడుతున్నారు, అందుకని చెప్తున్నాను. 60లో ఉన్న బండిని ఆపడానికి బ్రేకు మింగాల్సిన శక్తికీ, 100లో ఉన్నదానికీ మధ్య దాదాపు 2.8 రెట్లు తేడా. గుణుపురం దారిలో ఒక సాయంత్రం ఆ లెక్క నాకు మోకాలితో అర్థమైంది. వానకాలంలో ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

సునాబెడ_ఫిట్టర్

మాష్టారూ, మీరు రాస్తే చాలు, ఇంకో రెండు పేరాలు రాయండి. మీ ఆర్‌డీ ఎప్పుడైనా కోరాపుట్ ఎక్కిందా? కార్బురేటర్ బండి కదా, పైన తడబడేదేమో.

పర్లాకిమిడి_పాతబండి

ఎక్కింది నాయనా. సుంకి దాటి పొట్టంగి వచ్చేసరికి దగ్గు మొదలు, ప్లగ్గులు నల్లగా మసి పట్టేవి. పైన గాలి పలచన, పెట్రోలు మాత్రం కింద ఎంత పోసేదో అంతే పోసేది. జెట్టు (పెట్రోలు వచ్చే చిన్న బెజ్జం) మార్చుకోవాలి, లేదంటే ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడుచుకుంటూ పోవాలి. నేను రెండోదే చేసేవాణ్ని. మా ఆవిడ ఆ చొక్కాలు చూసి...

సునాబెడ_ఫిట్టర్

అదే చెప్పబోతున్నాను. కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సాంద్రత కింద ఉన్నదానికంటే 8 శాతం దాకా తక్కువ, టర్బో (గాలిని బలవంతంగా లోపలికి తోసేది) లేని ఏ ఇంజిన్ అయినా ఇంచుమించు అంతే పవర్ పోగొట్టుకుంటుంది. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లు పెట్రోలు తగ్గించుకుని సర్దుకుంటాయి కాబట్టి దగ్గవు, మసి పట్టవు, కానీ పోయిన పవర్ తిరిగి రాదు. అయితే ఇది రెండు బళ్లకీ ఒకేలా తగులుతుంది, వాటిని పోల్చడంలో తేడా రాదు. కింద సాలూరులో కొలిచిన ఒక బండినీ పైన సెమిలిగుడలో కొలిచిన ఇంకో బండినీ పోలిస్తేనే మోసం.

జయపురం తమ్ముడూ, నా ప్రశ్న తప్పించుకుంటున్నావు. బరువులు?

జయపురం_కుర్రోడు

నాది 62 అన్నా.

బావది... ఆయన ఈ చర్చ చదవడు కదా? 94. కాటా మీద ఎక్కమంటే ఎక్కడు గానీ, మా మావయ్య ధాన్యం మిల్లులో సరదాకి బస్తాల కాటా మీద నిలబడ్డప్పుడు చూశాను.

సునాబెడ_ఫిట్టర్

ఇంకేం, దొంగ దొరికాడు.

బండి బరువుకి మనిషి బరువు కలుపు. నీ స్పీడ్ 176కి నీ 62 కలిపితే 238 కిలోలు. 40 పీఎస్‌ని టన్నుకి లెక్కేస్తే 168. బావ డ్యూక్ 168కి 94 కలిపితే 262 కిలోలు. 46 పీఎస్‌ని టన్నుకి లెక్కేస్తే 175న్నర. మీ ఇద్దరి మధ్య తేడా నాలుగు శాతం పైచిలుకు, అది కూడా పై ఆర్‌పీఎమ్‌లో. ఒక బండి పొడుగు ముందుకెళ్లాడన్నావే, సరిగ్గా అంతే రావాలి. బండిలో ఏ లోపమూ లేదు. సర్వీసుకి ఇచ్చి డబ్బులు తగలెయ్యొద్దని చెప్పు.

అదే 75 కిలోల మనిషి ఒకడే రెండూ నడిపితే డ్యూక్ 189, స్పీడ్ 159. పంతొమ్మిది శాతం తేడా. అది కళ్లకి కనిపిస్తుంది.

ఇంకో రకంగా చూడు. ఆ 75 కిలోల మనిషితో బండిని సున్నా నుంచి 100కి తీసుకెళ్లడానికి కావలసిన శక్తి డ్యూక్‌కి 94 కిలోజౌళ్లు, స్పీడ్‌కి 97. ఇంజిన్ మొదటి క్షణం నుంచీ పూర్తి పవర్ ఇస్తే డ్యూక్ 2.8 సెకన్లలో, స్పీడ్ 3.3 సెకన్లలో చేరాలి. నిజంగా అంతలో చేరలేవు, దాదాపు రెట్టింపు పడుతుంది. మొదటి గేరులో క్లచ్ జారాలి, ముందు చక్రం లేవకుండా చూసుకోవాలి, గేరు మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎమ్ కింద పడి మళ్లీ ఎక్కాలి, గాలి అడ్డం. అయినా నిష్పత్తి అదే చుట్టుపక్కల ఉంటుంది: డ్యూక్ ఆరు సెకన్లు తీసుకుంటే స్పీడ్ ఏడు తీసుకుంటుందనుకో.

రాయగడ_రాజా

అంటే మా స్పీడ్ గొప్పతనం అంతా బావ గారి పొట్టదేనా 😂

గుణుపురం_గుంటడు

ముందు స్ప్రాకెట్ చిన్నది వేస్తే పికప్ పెరుగుతుందంటారు కదా అన్నా, మా ఊళ్లో ఒకడు వేసుకున్నాడు, స్పీడ్‌కి అది చేస్తే డ్యూక్‌ని కొట్టొచ్చా?

సునాబెడ_ఫిట్టర్

ఇది మంచి ప్రశ్న, మైలేజీ పాపం పోయింది. 15 పళ్లు ఉన్నచోట 14 వేస్తే చక్రానికి అందే తోపు ఏడు శాతం పెరుగుతుంది. కానీ ఇంజిన్ పవర్ పెరగదు, ప్రతి గేరూ ఏడు శాతం ముందే అయిపోతుంది, 80లో వెళ్లేటప్పుడు ఇంజిన్ ఇంకాస్త అరుస్తుంది, చైన్ చిన్న పళ్ల చుట్టూ ఎక్కువ వంగి తొందరగా అరుగుతుంది. ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి సరదా ఉంటుంది. 100 దాటాక డ్యూక్ మళ్లీ నవ్వుతూ వెళ్లిపోతుంది.

రాయగడ_రాజా

చైన్ మాటొచ్చింది కాబట్టి నా గోడు. పోయినసారి సర్వీసుకి ఇచ్చినచోట (పేరు వద్దు, అక్కడికే మళ్లీ వెళ్లాలి) చైన్ లూజుగా ఉందని చెప్తే వీణ తీగలా బిగించి పంపారు. ఒక్కణ్నే ఉన్నప్పుడు తెలియలేదు. తమ్ముణ్ని ఎక్కించుకుని పార్వతీపురం బయల్దేరితే సీటు కింద నుంచి గరగరమని చప్పుడు, బండి ఎవరో పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టు. దిగి చూస్తే చైన్ మధ్యలో వేలుతో నొక్కినా కదలడం లేదు. మనిషి ఎక్కితే వెనక చక్రం పైకి జరుగుతుంది, చైన్‌కి ఆ వదులు ఉండాలి కదా. దారిలో సైకిల్ షాపు తాతని స్పానర్ అడిగి రోడ్డు పక్కనే వదులు చేసుకున్నాను. తాత డబ్బులు తీసుకోలేదు, "ఇంత పెద్ద బండికీ మా సైకిల్ రోగమేనా" అన్నాడు.

కొలిచేముందు బావ చైన్ కూడా చూడు తమ్ముడూ. టైరు గాలి కూడా. రెండు బళ్ల టైర్ల సైజు ఒకటే, ముందు 110/70, వెనక 150/60, కాబట్టి గాలి సమానంగా పెడితే ఒక గొడవ తగ్గుతుంది.

బరంపురం_అమ్మాయి

ఇంకోటి. మీటరు చూసి "నాది 120 వెళ్లింది" అనుకోవద్దు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని రూలు ఉంది కాబట్టి కంపెనీలు కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి, రెండు బళ్లూ ఒకేలా ఎక్కువ చూపవు. ఫోన్‌లో జీపీఎస్ యాప్ పెట్టి కొలుస్తాం అంటారు, మామూలు ఫోన్ సెకనుకి ఒకసారి లెక్క తీసుకుంటుంది. 100లో ఒక సెకను అంటే దాదాపు 28 మీటర్లు. ఆరు, ఏడు సెకన్ల మధ్య తేడా తేల్చాలనుకునేవాడికి అది తూనిక రాళ్లు లేని త్రాసు. పత్రికలవాళ్లు బండికి వేరే పెట్టె కట్టుకునేది అందుకే.

మోడరేటర్

పబ్లిక్ రోడ్డు మీద పందేల గురించి ఇక్కడ రాయడం మన నియమాలకి విరుద్ధం. మొదటి పోస్టు తీసేద్దామనుకున్నాను, లెక్కలు బాగున్నాయని ఉంచుతున్నాను. రాయపూర్, విశాఖ కొత్త ఎక్స్‌ప్రెస్ హైవేలో ఇంకా తెరవని ముక్క మీద చేద్దామా అని ఒకరు ప్రైవేటు మెసేజ్ పెట్టారు. అక్కడ పని జరుగుతుంటుంది, మట్టి లారీలు ఎదురొస్తాయి, వద్దు. నిజంగా తేల్చుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది.

జయపురం_కుర్రోడు

మోడరేటర్ గారూ, క్షమించండి, ఇక హైవే మీద చెయ్యం. చెన్నై వెళ్లే డబ్బులుంటే బావ బండే కొనేవాణ్ని.

నిన్న ఆదివారం బావ మళ్లీ వచ్చాడు. ఊరి చివర ఒక లేఅవుట్ ఉంది, రోడ్లు వేసి మూడేళ్లయింది, ఒక్క ఇల్లూ లేవలేదు. ఓనరు మా నాన్న స్నేహితుడే, అడిగి గేటు వేసుకున్నాం. టేపు పెట్టి వంద మీటర్లు కొలిచి రెండు చివర్లా వెదురు కర్రలు పాతాం, చిన్న తమ్ముడు రెండో కర్ర దగ్గర ఫోన్ పట్టుకుని స్లో మోషన్ వీడియో తీశాడు. ముందుగా ఇద్దరం కలిసి రోడ్డంతా నడిచాం, ఒక కుక్కని లేపి పంపించాం, అది రెండుసార్లు తిరిగొచ్చింది. టైర్లకి గాలి సమానంగా పట్టించాం. బావ చైన్ కూడా చూశాను రాజా అన్నా, బాగానే ఉంది.

మొదట ఎవరి బండి వాళ్లమే. గేర్లు ఎవరికి నచ్చినట్టు వాళ్లు. వీడియోలో చూస్తే బావ ముందు చక్రం కర్ర దాటేటప్పుడు నా ముందు చక్రం ఆయన సైలెన్సర్ దగ్గరుంది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇంచుమించు అదే. బావ మొహం మాడిపోయింది.

అప్పుడన్నాను, బళ్లు మార్చుకుందాం అని. ఫిట్టర్ అన్న లెక్క జేబులో రాసి పెట్టుకున్నాను: టన్నుకి పీఎస్ నేను డ్యూక్ మీద 200, బావ స్పీడ్ మీద 148. బావకి చూపించలేదు.

డ్యూక్ ఎక్కగానే తేడా తెలిసింది. సీటు గట్టిది, చేతులు వెడల్పుగా, నేను బండి మీద కాదు, ముందు చక్రం మీద కూర్చున్నట్టుంది. క్లచ్ వదిలి రేజ్ ఇచ్చాను, మొదటి గేరులో ముందు చక్రం తేలికైనట్టు అనిపించి కొంచెం వదిలాను, అయినా సరే. రెండో గేరులో ఆరున్నర వేలు దాటింది, ఇక అక్కడ అర్థమైందన్నా మీరు రాసిందంతా. నా బండి అయితే ఆ చోట "చాలు, గేరు మార్చు" అంటుంది. ఇది "ఇంకా, ఇంకా" అంటుంది. గేరు లీవర్ తన్నితే రేజ్ వదలకుండానే పడిపోయింది, ఎక్కడా ఆగలేదు. నేను కర్ర దాటి బ్రేక్ పట్టుకుని పక్కకి చూస్తే బావ లేడు. వెనక్కి చూశాను. ఇంకా తుమ్మచెట్టు దగ్గరున్నాడు, చెట్టు నుంచి కర్రకి ఎంతో నేను అడుగులేసి కొలిచాను, పదిహేడు అడుగులు.

మళ్లీ రెండుసార్లు చేశాం, బావ పట్టుబట్టాడు. రెండోసారి ఇంకో అడుగు ఎక్కువే వచ్చింది.

ఇక ఎవరి బండి వాళ్లు తీసుకుని ఇంటికొచ్చాం. దారిలో నా స్పీడ్ మీద 50లో నాలుగో గేరులో మెల్లగా వస్తుంటే, నిజం చెప్పాలంటే, అదే హాయిగా ఉంది. డ్యూక్ మీద ఉన్న ఐదు నిమిషాలూ ఎవరో చెవిలో అరుస్తున్నట్టుంది, బాగానే ఉంది గానీ రోజూ షాపుకెళ్లడానికి నాకొద్దు. వందకి పరిగెత్తించాలంటే మాత్రం డ్యూకే, ఒప్పేసుకున్నాను, రాజా అన్న ఏమన్నా అనుకోనీ.

సునాబెడ_ఫిట్టర్

తుమ్మచెట్టు కొలత నాకు చాలా నచ్చింది. ఆ వీడియో ఉంటే పెట్టు, ఫ్రేములు లెక్కపెట్టి సెకన్లు తీస్తాను. బావ గారికి బరువు లెక్క చెప్పావా?

రాయగడ_రాజా

నేనేమీ అనుకోను. ఘాట్‌లో రెండో గేరులో మలుపు దాటి లారీని ఓవర్‌టేక్ చేసేదాకా వచ్చి మాట్లాడు.

బరంపురం_అమ్మాయి

లారీని మలుపు దగ్గర ఓవర్‌టేక్ చెయ్యకండి ముందు.

జయపురం_కుర్రోడు

చెప్పలేదన్నా. ఎలా చెప్పను? "బావా, నీ బండి బాగానే ఉంది, నువ్వే..." అనాలి. అత్త వింటే నన్ను చంపేస్తుంది, కొడుకు చిక్కిపోయాడని ఆవిడ బాధ ఆవిడది. సర్వీసుకి ఇవ్వకు, ఇంజిన్‌ని పైకి తిప్పు అని మాత్రం చెప్పాను. వీడియో సాయంత్రం పెడతాను.

సాలూరు_బావ (కొత్త సభ్యుడు, మొదటి పోస్టు)

94 కాదు, 91. మొత్తం చదివాను. ఆ మిల్లు కాటా మూడు కిలోలు ఎక్కువ చూపిస్తుందని ఊరంతా తెలుసు.